భయపడేవాడు స్థితప్రజ్ఞుడు కాలేడా?

గ్లెన్ హాల్ మ్యాచ్‌కు ముందు వాంతి చేసుకునేవాడు. ఎప్పుడో ఒకసారి కాదు, కొత్తలో మాత్రమే కాదు. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అనే ఐస్ హాకీ జట్టుకు గోలీగా చేరిన రోజుల్లో అంతే, షికాగో బ్లాక్ హాక్స్‌కు ఆడి 1961లో స్టాన్లీ కప్ గెలిచినప్పుడూ అంతే, నలభయ్యో పడి దగ్గరపడి సెయింట్ లూయిస్ బ్లూస్‌కు ఆడినప్పుడూ అంతే. కడుపులో ఉన్నదంతా కక్కేసి, నోరు పుక్కిలించుకుని, మంచు మీదికి వెళ్లేవాడు. ఆ మనిషే 1955 అక్టోబరు నుంచి 1962 నవంబరు దాకా వరసగా 502 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. మధ్యలో ఒక్కటి మానలేదు. ప్లేఆఫ్స్ కలిపితే ఆ లెక్క 550 దాటుతుంది. అన్నీ ముఖానికి మాస్క్ లేకుండానే. ఐస్ హాకీలో ఈ రికార్డును ఇంకో గోలీ తిరగరాస్తాడని ఎవరూ అనుకోరు.

నేను రాజమండ్రిలో సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కెనడాలో ఎడ్మంటన్‌కు పడమటి వైపు మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మాకు దగ్గర్లోనే స్టోనీ ప్లెయిన్ అనే ఊరుంది. హాల్ పొలం అక్కడే. ఆ ఊళ్లో ఐస్ రింక్‌కు ఆయన పేరే పెట్టుకున్నారు. మా మనవడు గోలీ. వాళ్ల జట్టుకు ఆ రింక్‌లో మ్యాచ్ పడితే వాడి బ్యాగు మోసుకుని నేనూ వెళతాను. గోలీ బ్యాగంటే అందులో చిన్న పిల్లవాణ్ణి దాచేయొచ్చు, అంత ఉంటుంది. కాళ్ల ప్యాడ్లు, ఛాతీకి కవచం, ఒక చేతికి పక్ పట్టుకునే గ్లవ్, రెండో చేతికి పలక లాంటి బ్లాకర్, మాస్క్, స్కేట్లు. ఎంత ఆరబెట్టినా చెమట వాసన పోదు. బయట మైనస్ ఇరవై అయిదు, లోపల మనవడి మొహం తెల్లగా పాలిపోయి ఉంటుంది. మ్యాచ్ ముందు వాడికీ కడుపులో తిప్పుతుంది.

వాడు ఆదివారాలు పిల్లల గీత క్లాసుకు వెళతాడు. స్థితప్రజ్ఞుడి లక్షణాల దగ్గర, గీత చదివినవాడికి భయం ఉండదని అక్కడ చెప్పారట. ఇంటికొచ్చి, "తాతయ్యా, నాకు ప్రతి గేమ్‌కీ భయం వేస్తుంది కదా, మరి నేను గీత చదివి లాభం లేదా?" అని అడిగాడు. పిల్లవాడు అడిగాడని తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదిది. మనం పెద్దవాళ్లం కూడా ప్రశాంతంగా కనిపించేవాణ్ణి జ్ఞాని అంటాం, చెయ్యి వణికినవాణ్ణి ఇంకా పక్వానికి రాలేదంటాం. ఒకడి నరాల తీరును వాడి ఆధ్యాత్మికతగా లెక్కేస్తున్నాం. అది న్యాయమా అన్నదే నా ప్రశ్న.

గోలీ పనేమిటో ముందు చెప్పాలి. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న నెట్ ముందు ఒక్కడూ నిలబడాలి. పక్ అనేది అంగుళం మందం, మూడంగుళాల అడ్డం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. బరువు నూట అరవై గ్రాముల ప్రాంతం. మంచు మీద గంతులు వేయకుండా మ్యాచ్‌కు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. హాల్ ఆడిన కాలంలో కొట్టేవాళ్లు కర్రను వెనక్కి ఎత్తి బాదే స్లాప్ షాట్ నేర్చుకున్నారు. ఆ పైన కర్ర కొసను వంచి, పక్ ఎటు తిరుగుతుందో తెలియకుండా కొట్టడం మొదలుపెట్టారు. ఆ వంపు కర్రలకు ప్రచారం తెచ్చిన స్టాన్ మికిటా, బాబీ హల్ ఇద్దరూ షికాగో వాళ్లే, అంటే హాల్ సొంత జట్టువాళ్లు. మ్యాచ్‌లలో ఎదుటి జట్ల షాట్లకే కాదు, రోజూ ప్రాక్టీసులో వీళ్ల షాట్లకు కూడా ఆయన ఉత్త ముఖంతో ఎదురు నిలిచాడు.

అప్పట్లో లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. ఒక్కో జట్టుకు ఒక్కడే గోలీ. అంటే ప్రపంచం మొత్తంలో ఆ స్థాయి ఉద్యోగాలు ఆరే ఆరు. దెబ్బ తగిలితే ఆట ఆపి, కుట్లు వేయించుకుని, మళ్లీ వచ్చి నిలబడాల్సిందే. ఒక్క మ్యాచ్ మానితే ఆ చోట్లోకి రావడానికి కింది లీగుల్లో కాచుకుని ఉన్నవాళ్లు ఎందరో. హాల్ డెట్రాయిట్‌కు వచ్చింది కూడా అలాగే. ఆయనకు చోటు చేయడానికి టెర్రీ సాచుక్ లాంటి మహా గోలీని బోస్టన్‌కు పంపేశారు. రెండేళ్లు తిరిగేసరికి హాల్‌నూ షికాగోకు పంపేశారు. ఆయనతో పాటు పంపిన టెడ్ లిండ్సే చేసిన నేరం ఆటగాళ్లకు సంఘం పెట్టాలనుకోవడం.

ఇక గీత దగ్గరికి. రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ణి వర్ణిస్తూ, రాగం భయం క్రోధం వదిలిపోయినవాడు అనే మాట ఉంది. ఆ మాటను నేను దాటవేయను. పద్ధెనిమిదో అధ్యాయంలో ఇంకా కటువుగా, భయాన్నీ దుఃఖాన్నీ పట్టుకుని వదలని పట్టుదల తామసమని కూడా ఉంది. పిల్లల క్లాసులో చెప్పినవారు లేనిదేమీ కల్పించలేదు. కానీ గీత అక్కడ మొదలు కాలేదు, అక్కడితో అయిపోనూ లేదు.

మొదలైంది ఎక్కడ? అర్జునుడి ఒంట్లో. అవయవాలు పట్టు తప్పాయి, నోరు ఎండిపోయింది, ఒళ్లు వణికింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చర్మం మండింది, గాండీవం చేతిలోంచి జారింది, నిలబడలేకపోయాడు, మనసు గిర్రున తిరిగింది. ఇవన్నీ శరీరం చేసే పనులు. అర్జునుడిది ప్రాణభయం కాదు, బంధువుల మీద శోకం. నిజమే. శరీరానికి మాత్రం ఆ తేడా తెలియదు. దానికున్న భాష అదొక్కటే. కృష్ణుడు మందలించింది దేనికి? వణికినందుకు కాదని నా అభిప్రాయం. విల్లు కింద పడేసి, యుద్ధం చేయనని రథంలో చతికిలబడ్డందుకు. చివర అర్జునుడు సందేహం తీరింది, నిలబడ్డాను, చెప్పినట్టు చేస్తాను అంటాడు. ఇక ఒళ్లు వణకదని మాట ఇవ్వలేదు. కృష్ణుడూ ఆ మాట అడగలేదు.

స్థితప్రజ్ఞుడి లక్షణాల గురించి శంకరులు తన భాష్యంలో ఒక అమూల్యమైన సంగతి చెప్పారు. సిద్ధుడికి లక్షణాలుగా శాస్త్రం చెప్పినవే సాధకుడికి సాధనాలు, ప్రయత్నంతో సాధించవలసినవి కాబట్టే వాటిని చెప్పడం. అంటే ఆ శ్లోకాలు మనల్ని పాసు, ఫెయిలు అని విడదీయడానికి రాలేదు. నడవడానికి దారి చూపించడానికి వచ్చాయి. పద్నాలుగో అధ్యాయానికి వస్తే విషయం ఇంకా తేటపడుతుంది. గుణాలను దాటినవాడు ఎలా ఉంటాడని అర్జునుడు అడుగుతాడు. వెలుగు గానీ, ప్రవృత్తి గానీ, మోహం గానీ తనలో పుట్టుకొస్తే వాటిని ద్వేషించడు, పోతే కావాలని కోరడు, గుణాలు వాటి పని అవి చేస్తున్నాయని కదలకుండా ఉంటాడు అని జవాబు. అవి పుట్టుకురావని చెప్పలేదు, వచ్చినా కదలడు అన్నారు. ఈ జవాబును మనం రెండో అధ్యాయంతో కలిపి చదవం. అందుకే పిల్లలకు సగం గీత అందుతోంది.

హాల్‌కు గీత తెలుసని నేననను. ఆయన బతికిన తీరు మాత్రం ఈ పద్నాలుగో అధ్యాయం మాటకు చాలా దగ్గరగా ఉంది. కడుపులో తిప్పడం గురించి ఆయన ఎన్నడూ దాచుకోలేదు. ఒంట్లో అలా అయిన రోజే బాగా ఆడేవాణ్ణని, అలా కాకపోతే గెలవడానికి చేయవలసినదంతా చేయలేదేమోనని అనిపించేదని చెప్పాడు. ఆట మీద తనకు ప్రేమేమీ లేదన్నట్టే మాట్లాడేవాడు. వేసవి అయిపోయి శిక్షణ శిబిరం మొదలయ్యే వేళకు జట్టువాళ్లు ఫోన్ చేస్తే, పొలంలో కొట్టానికి రంగు వేస్తున్నాను, ఇప్పుడు రాలేను అనేవాడు. ఏటా ఆ కొట్టానికి రంగు వేయవలసి వచ్చేది! హాకీ లోకంలో అదొక కథగా నిలిచిపోయింది. అయినా మ్యాచ్ రోజుకు ఆయన నెట్ ముందే ఉండేవాడు. రావడం రావడం ఒట్టి చేతులతో రాలేదు. మోకాళ్లు దగ్గరికి చేర్చి, పాదాలు రెండు పక్కలకూ పరిచి, కిందికి వచ్చే పక్‌కు దారి మూసేసే పద్ధతి ఆయన మంచు మీదికి తెచ్చాడు. బటర్‌ఫ్లై అంటారు దాన్ని. ఇవాళ మా మనవడితో సహా గోలీలందరూ నేర్చుకునేది అదే.

కెరీర్ మొత్తం మీద 906 లీగ్ మ్యాచ్‌లు, 407 గెలుపులు, 84 షటౌట్లు. షటౌట్ అంటే మ్యాచ్ ఆసాంతం ఒక్క గోల్ కూడా పడనివ్వకపోవడం. ఈ మాట దగ్గర నాలోని పాత మేష్టారు ఆగిపోతాడు. అన్నంభట్టు తర్కసంగ్రహం చెప్పేటప్పుడు ఏడో పదార్థమైన అభావం దగ్గర పిల్లలు తప్పకుండా అడిగేవారు, లేకపోవడం కూడా ఒక వస్తువేనా అని. నేల మీద కుండ లేదు అనే జ్ఞానం నిజమైన జ్ఞానమే, కాబట్టి ఆ లేకపోవడానికీ పదార్థాల్లో చోటుంది అని చెప్పేవాణ్ణి. గోలీ జీవితమంతా ఈ ఏడో పదార్థాన్ని తయారు చేస్తాడు. గోల్ కొట్టినవాడి ఫలం కంటికి కనబడుతుంది, లెక్కల్లోకి ఎక్కుతుంది. గోలీ బాగా పనిచేస్తే జరిగేది ఏమీ జరగకపోవడమే. తప్పితే వీపు వెనక ఎర్ర దీపం వెలుగుతుంది, వేల మంది లేచి అరుస్తారు. కర్మఫలం మీద ఆశ పెట్టుకోవద్దని గీత చెబితే ఈ పనిలో పెట్టుకుందామన్నా ఆశకు ఆకారం లేదు. మిగిలేది చేయాల్సినది చేయలేకపోతానేమోనన్న భయం ఒక్కటే. అది మామూలు ఫలాపేక్ష కాదని నేను నమ్ముతాను. పనిని అంత బరువుగా తీసుకున్న మనిషికి శరీరం చెల్లించే పన్ను అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది, అది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది. ముఖం పగిలేటట్టు నిలబడటం నిష్ఠా, మొండితనమా? ఉత్త ముఖంతో ఆడడాన్ని నేను పొగుడుతున్నానా?

జవాబు హాల్ దగ్గర కన్నా జాక్ ప్లాంట్ దగ్గర దొరుకుతుంది. క్యూబెక్ మనిషి, మాంట్రియల్ కెనేడియన్స్ గోలీ. ప్రాక్టీసులో ఫైబర్‌గ్లాస్ మాస్క్ వాడేవాడు. మ్యాచ్‌లో వాడతానంటే కోచ్ టో బ్లేక్ ఒప్పుకోలేదు. మాస్క్ పెడితే చూపు ఆగుతుందని, గోలీలో పంతం తగ్గుతుందని అప్పటివాళ్ల నమ్మకం. 1959 నవంబరు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన షాట్ ప్లాంట్ ముఖం చీల్చింది. లోపలికి తీసుకెళ్లి కుట్లు వేశారు. మాస్క్ లేకుండా మళ్లీ మంచు మీదికి రానని ఆయన తేల్చి చెప్పాడు. జట్టుకు ఇంకో గోలీ లేడు, కోచ్ ఒప్పుకోక తప్పలేదు. ఆ మ్యాచ్ గెలిచారు. ఆ ఏడు స్టాన్లీ కప్ కూడా మాంట్రియల్‌దే, అదీ వరసగా అయిదోసారి.

ప్లాంట్‌ను అప్పుడు పిరికివాడన్నవాళ్లున్నారు. గీత పదిహేడో అధ్యాయం తెలిసినవారు అలా అనలేరు. మూఢమైన పట్టుదలతో తన ఒంటిని హింసించుకుంటూ చేసే తపస్సు తామసమని అక్కడ ఉంది. పద్ధెనిమిదోది ఇంకో వైపు నుంచి చెబుతుంది: ఒంటికి కష్టమనే భయంతో చేయవలసిన పనిని మానేస్తే అది రాజస త్యాగం, త్యాగఫలం దక్కదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న ఇరుకు చోట్లో గోలీ నిలబడాలి. పని మానకూడదు, అనవసరంగా ముఖం పగలగొట్టుకోనూ కూడదు. ప్లాంట్ చేసింది సరిగ్గా ఇదే. ఆయన ఆట మానతానని అనలేదు, మాస్క్ పెట్టుకుని ఆడతానన్నాడు. భయం చెప్పిన మాటలో నిజమెంతో తూచి, అంతవరకు విని, మిగతాది పక్కన పెట్టాడు. బుద్ధియోగమంటే నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తట్టడం లేదు. హాల్ కూడా ఆఖరి సంవత్సరాల్లో మాస్క్ పెట్టుకున్నాడు. విచిత్రమేమంటే 1968-69లో ఈ ఇద్దరూ సెయింట్ లూయిస్‌లో ఒకే జట్టుకు వంతులవారీగా గోల్ కాశారు. ఒకరికి ముప్ఫై ఏడు, ఇంకొకరికి నలభై. ఆ ఏడు అతి తక్కువ గోల్స్ పడనిచ్చినందుకు వెజీనా ట్రోఫీ ఇద్దరూ కలిసి అందుకున్నారు.

ఓటమి సంగతి కూడా చెప్పాలి. 1968 ఫైనల్లో సెయింట్ లూయిస్ నాలుగుకు నాలుగు మ్యాచ్‌లూ మాంట్రియల్ చేతిలో ఓడిపోయింది. ప్లేఆఫ్స్‌లో అందరికన్నా విలువైన ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ మాత్రం ఓడిన జట్టు గోలీ హాల్‌కు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత, 1970 మే 10న, బోస్టన్‌లో బాబీ ఓర్ అదనపు సమయంలో గోల్ కొట్టి, కాలికి అడ్డం తగిలి గాల్లోకి లేచాడు. చేతులు చాచి ఎగురుతున్న ఆ ఫోటో హాకీ చరిత్రలో అన్నిటికన్నా పేరున్న ఫోటో. బోస్టన్‌లో దాన్ని విగ్రహంగా కూడా పోశారు. అందులో ఓర్‌ను అందరూ చూస్తారు. వెనకాల నెట్ దగ్గర ఉన్న గోలీ హాల్. పనికి కారణాలు అయిదని గీత చెబుతూ శరీరం, కర్త, సాధనాలు, ప్రయత్నం అని లెక్కపెట్టి చివర దైవాన్ని చేర్చింది. గోలీలకు ఈ అయిదోది బాగా తెలుసు. సొంత జట్టువాడి స్కేటుకు తగిలి దారి మళ్లిన పక్‌ను ఆపడం ఎవరి తరం? ఓర్ కొట్టిన ఆ గోల్ పడ్డాక కూడా హాల్ ఇంకో సీజన్ ఆడి, 1971లో మానేసి, పొలానికి వెళ్లిపోయాడు.

మానకుండా ఆడిన ఆ వరస 502 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయింది కూడా భయం వల్ల కాదు. 1962 నవంబరు 7న బోస్టన్‌తో మ్యాచ్ మొదటి పీరియడ్‌లో నడుము నొప్పి భరించలేక బయటికి వచ్చేశాడు. వంగలేని గోలీ నెట్ ముందు ఉంటే జట్టుకు చేటు. ఏడేళ్లు కడుపు తిప్పినా తప్పుకోని మనిషి నడుము నిజంగా పనికిరాకుండా పోయిన రోజున తప్పుకున్నాడు. శరీరం చేసే గోలకూ, శరీరం చెప్పే నిజానికీ తేడా తెలిసినవాడు చేయగలిగిన పని ఇది. ఆ రికార్డు కన్నా నాకు ఈ నిర్ణయమే గొప్పగా తోస్తుంది.

మనవడికి నేను చెప్పింది ఉత్తరుడి కథ. మన తెలుగువాళ్లు ఉత్తరుణ్ణి వెక్కిరించినంతగా ఇంకెవరినీ వెక్కిరించలేదు. ఉత్తరకుమార ప్రగల్భాలు అంటే చాలు, సభ నవ్వుతుంది. అంతఃపురంలో కోతలు కోశాడు, ఆవులను తోలుకుపోతున్న కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగెత్తాడు, బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. అక్కడికి నవ్వి ఆపేస్తాం. తర్వాత? అర్జునుడు అతణ్ణి ఇంటికి పంపలేదు, భయం తగ్గేదాకా ఆగనూ లేదు. యుద్ధం నేను చేస్తాను, పగ్గాలు నువ్వు పట్టుకో అన్నాడు. ఉత్తరుడు జమ్మిచెట్టెక్కి ఆయుధాలు దించాడు. భీష్మ ద్రోణులు, కర్ణుడు ఎదురుగా ఉండగా రథం తోలాడు. మధ్యలో ఒకచోట, కళ్లు తిరుగుతున్నాయి, గుర్రాలను పట్టలేకపోతున్నాను అని చెప్పుకున్నాడు కూడా. అర్జునుడు ధైర్యం చెప్పాడు, పగ్గాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆవులు ఇల్లు చేరాయి. ఆ రోజు పనిలో ఉత్తరుడి వణుకుతున్న చేతులకూ వాటా ఉంది.

కథ విని వాడు ఒక్క మాట అడిగాడు, "తర్వాత ఉత్తరుడికి భయం పోయిందా?" అని. పోయిందో లేదో ఎలా చెబుతాంరా, పగ్గాలు వదల్లేదని మాత్రం భారతంలో ఉంది అన్నాను. మ్యాచ్‌ల ముందు వాడికి ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. క్లాసుకూ వెళుతున్నాడు, నెట్ ముందూ నిలబడుతున్నాడు.

ఇళ్లలో, గుళ్లలో పిల్లలకు గీత చెప్పే పెద్దలకు ఒక విన్నపం. స్థితప్రజ్ఞుడి శ్లోకాలు కంఠస్థం చేయించిన రోజునే పద్నాలుగో అధ్యాయంలో గుణాతీతుడి శ్లోకాలు కూడా చెప్పండి. విరాటపర్వం చెబితే ఉత్తరుడు రథం దిగి పరుగెత్తిన చోట ఆపేయకండి. కురుక్షేత్రంలో మొదటి రోజునే అతను ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్లాడు, ఆ యుద్ధంలోనే చనిపోయాడు. అదీ భీష్మపర్వంలో ఉంది.